తూటా కరవైన తుపాకి
సిరొంచ సీమ వేటాయుధముల చరిత్ర

ఆయుధముల చరిత్ర వ్రాయువారు ఖడ్గములను, ఫిరంగులను, తుపాకులను విస్తరించి వర్ణింతురు. తుపాకికి ఆహారమైన తూటాను గూర్చి వ్రాసినవారు తక్కువ. అయినను తుపాకి ఆయుష్షు దాని ఇనుమును బట్టి గాక తూటాను బట్టియే నిర్ణయమగుచుండును. నూఱేండ్లు తుప్పుపట్టక నిలిచిన రైఫిలునకు సైతము సరిపడు తూటా దొరకకపోయినచో అది గోడకు వ్రేలాడు అలంకారమే. ప్రాణహితా గోదావరీ సంగమమునకు చేరువనున్న సిరొంచ సీమలో ఒకప్పుడు రెండు జాతుల తుపాకులు ఏకకాలమున మ్రోగినవి. ఒకటి ఇంగ్లండునుండి వచ్చిన ఖరీదైన వేట రైఫిలు. రెండవది నోటివైపునుండి మందు దట్టించు నాటు తుపాకి. వీనిలో ముందుగా మూగవోయినది ఖరీదైనదే. ఇట్లేల జరిగెనో తెలిసికొనుటకు ఈ సీమ చరిత్రను, తూటా నిర్మాణమును, చట్టములను కలిపి చూడవలసియున్నది.

సీమ స్వరూపము

సిరొంచ ప్రాణహిత తూర్పుగట్టున నున్న పట్టణము. సంగమమునకు ఆవలిగట్టున కాళేశ్వర క్షేత్రము కలదు. 1860 సంవత్సరపు ఒడంబడికచే నిజాము ప్రభుత్వము గోదావరి ఎడమగట్టు తాలూకాలను ఆంగ్లేయులకు ఇచ్చివేయగా, సిరొంచ ముఖ్యస్థానముగా ‘అప్పర్ గోదావరి’ జిల్లా ఏర్పడెను. 1874లో ఆ జిల్లా రద్దుకాగా భద్రాచలము, రేకపల్లి తాలూకాలు మద్రాసు రాజధానిలో చేరినవి. సిరొంచ చాందా జిల్లాలో కలిసినది. నూగూరు, ఆల్బాక, చెర్ల ప్రాంతములు 1909లో మద్రాసు పాలయినవి. 1982లో చాందా జిల్లానుండి గడ్చిరోలి జిల్లా వేఱుపడగా సిరొంచ అందులో దక్షిణపు కొన అయినది. పాలనా సరిహద్దులు ఇన్నిమార్లు మాఱినను ఇక్కడి తెలుగు మాఱలేదు. తాలూకాలోని జింగనూరు వంటి అడవిపల్లెలలో తెలుగు, గోండీ, మాడియా భాషలు నేటికిని ప్రక్కప్రక్కనే వినవచ్చును.

ఈ సీమకు ఉత్తరమున అహేరి జమీందారీ టేకు అడవులును, తూర్పున ఇంద్రావతికి ఆవల బస్తరు అడవులును వ్యాపించియున్నవి. పులి, అడవిదున్న, అడవి ఎనుము అను మూడు పెద్ద మృగములకును ఇది నెలవు. వీనిలో అడవి ఎనుమును మన పూర్వులు కారెనుపోతు అనిరి. ఊరి ఎనుముకంటె ఎన్నోరెట్లు బలము కలిగి, గాయపడినచో వేటకానిపైకి తిరుగబడు స్వభావము దానిది. దానిని పడవేయుటకు చిన్న తుపాకి చాలదు. భారీ రైఫిళ్ళు ఈ అడవులకు వచ్చుటకు ఇదియే మూలకారణము.

నాటు తుపాకి, దాని సరకులు

రైఫిళ్ళు రాకముందే ఈ సీమలో తుపాకి కలదు. నాటు తుపాకికి కావలసినవి నాలుగే సరకులు: మందు, గుండు, దట్టించుటకు పీచు లేక గుడ్డపేలిక, అంటించుటకు నిప్పు. మందునకు మూలద్రవ్యములు పెట్లుప్పు, గంధకము, బొగ్గు. పెట్లుప్పు పాత గోడల మట్టినుండియు, పశువుల కొట్టముల నేలనుండియు వడియగట్టబడుచుండెను. బొగ్గు అడవిలోనే దొరకెడిది. గంధకము, సీసము సంతలలో లభించెడివి. నిప్పునకు మొదట కాగెడు వత్తి, పిమ్మట చెకుముకి రాయి, ఆ వెనుక రాగిటోపీ వచ్చినవి. ఈ టోపీ ఒక్కటే వేటకాడు తన ఊరిలో సమకూర్చుకొనజాలని వస్తువు. తక్కినవన్నియు అతని చేతికందునవే. గుండు కొలత కొంచెము తప్పినను పేలిక దానిని సరిచేయును. ఇంత వెసులుబాటు ఉండుటచేతనే ఆ తుపాకి తరతరములు నిలిచినది.

ప్రభుత్వములు తుపాకిని గూర్చి భయపడుటకును ఈ సీమ చరిత్రలో తావున్నది. 1858లో అహేరి ప్రాంతమున బాబూరావు శేడ్మాకే నాయకత్వమున గోండులు తిరుగబడిరి. ఏప్రిల్ 29వ తేదీన ప్రాణహిత తీరమున చుంచగుండి వద్ద తంతి శాఖవారి మకాముపై దాడి జరిగి గార్ట్‌లాండ్, హాల్ అను ఇరువురు ఉద్యోగులు హతులైరి. అదే సంవత్సరము అక్టోబరు 21న బాబూరావు చాందాలో ఉరితీయబడెను. ఇట్టి తిరుగుబాట్లు దేశమంతటను జరిగిన పిమ్మట పాలకులు జనుల ఆయుధములపై కన్నువేసిరి. లిట్టన్ ప్రభువు కాలమున 1878లో వచ్చిన ఆయుధ చట్టము భారతీయులకు అనుమతిపత్రమును తప్పనిసరి చేసి, ఐరోపావారిని మినహాయించినది. ఆ చట్టము తుపాకితో ఆగలేదు. సీసము, గంధకము, పెట్లుప్పు వంటి సరకులను సైతము అవసరమైన ప్రాంతములలో ‘సైనిక సామగ్రి’గా పరిగణించు అధికారమును ప్రభుత్వమునకు ఇచ్చినది. తుపాకి ప్రాణము దాని సరకులలో నున్నదని శాసనకర్తలకు బాగుగా తెలియును.

నల్లమందునుండి కార్డైటు వఱకు

ఆంగ్లేయ అధికారులు మొదట ఈ అడవులకు తెచ్చినవియు నోటినుండి దట్టించు తుపాకులే. కాని వాని బోరు మిక్కిలి పెద్దది. బోరు సంఖ్య ఎంత చిన్నదైన గొట్టము అంత పెద్దది. ఏలనన ఒక పౌను సీసమును అన్ని సమాన గుండ్లుగా పోసినప్పుడు ఒక్కొక్క గుండు ఎంత యుండునో అదియే ఆ బోరు కొలత. 12 బోరు గుండు పౌనులో పండ్రెండవ పాలు. 8 బోరు గుండు ఎనిమిదవ పాలు. మధ్యపరగణాలలో ఉద్యోగము చేసిన జేమ్స్ ఫోర్సైత్ 1863లో వేట రైఫిలును గూర్చి ఒక గ్రంథమును ప్రకటించి, పెద్ద గుండును విస్తారమైన మందుతో ప్రయోగించు పద్ధతిని సమర్థించెను. అతని ‘హైలాండ్స్ ఆఫ్ సెంట్రల్ ఇండియా’ 1871లో వెలువడినది. ఆ పరగణాల తూర్పు అడవులలోని అడవి ఎనుము వేట అందు వర్ణింపబడినది.

1860 తరువాత వెనుకనుండి తూటా పెట్టు తుపాకులు వచ్చినవి. మందు, గుండు, టోపీ మూడును ఒకే ఇత్తడి గుల్లలో ఇమిడిపోయినవి. 1870 ప్రాంతమున .450, .500, .577 అంగుళముల ‘ఎక్స్‌ప్రెస్’ రైఫిళ్ళు నల్లమందుతో వ్యాప్తిలోనికి వచ్చెను. 1889లో ఏబెల్, డ్యూవర్ అను శాస్త్రజ్ఞులు కార్డైటును కనుగొనుటతో ఆయుధరంగమే మాఱిపోయెను. నల్లమందు దట్టమైన పొగ వదలును. ఆ పొగ చాటున గాయపడిన మృగము ఎటు వచ్చుచున్నదో వేటకానికి తెలియదు. కార్డైటునకు ఆ దోషము లేదు, బలమో, ఎన్నోరెట్లు. 1898లో జాన్ రిగ్బీ సంస్థ .450 నైట్రో ఎక్స్‌ప్రెస్ తూటాను ప్రవేశపెట్టెను. అందు 70 గ్రెయిన్ల కార్డైటు, 480 గ్రెయిన్ల గుండు. 480 గ్రెయిన్లనగా సుమారు 31 గ్రాములు, మన తూకమున రెండున్నర తులములకు మించును. ఆ గుండు సెకనునకు రెండువేల అడుగులకు పైబడిన వేగముతో వెడలెడిది.

ఆ తూటాలు బర్మింగ్‌హాములోని కైనాక్, లండనులోని ఈలీ వంటి కర్మాగారములలో తయారై ఓడలమీద కలకత్తా, మద్రాసు, బొంబాయి అంగళ్ళకు వచ్చి, అచటినుండి సంస్థానములకు, అడవి మకాములకు చేరెడివి. ఆఱవ నిజాము మహబూబ్ అలీఖాన్ వేటలో పేరెన్నికగన్నవాడు. 1902లో వైస్రాయి కర్జన్ ప్రభువు ఓరుగల్లు ప్రాంతమున నెక్కొండ మకామునందు పులివేట సాగించినప్పటి ఛాయాచిత్రములు రాజా దీన్‌దయాళ్ పనితనమునకు సాక్ష్యములుగా నేటికిని నిలిచియున్నవి. అట్టి వైభవమంతయు సముద్రముల కావలి రెండు మూడు కర్మాగారములపై ఆధారపడియున్నదని ఆనాడు ఎవరికిని తోచలేదు.

ఒక నిషేధము, దాని పర్యవసానము

ఆ ఆధారము ఎంత బలహీనమో 20వ శతాబ్ది తొలి దశాబ్దములోనే వెల్లడియైనది. భారత ప్రభుత్వము .450 కొలత రైఫిళ్ళను, తూటాలను దిగుమతి చేసికొనరాదని నిషేధించెను. రైఫిలు చెడ్డదగుట దీనికి కారణము కాదు. 1871నుండి సైన్యము వాడిన మార్టినీ హెన్రీ తుపాకి గుండు కొలతయు ఇంచుమించు ఇదియే. పాత మార్టినీలు సరిహద్దు జాతుల చేతులలో పెక్కు కలవు. వేట తూటానుండి గుండును ఊడదీసి మార్టినీ గుల్లలో అమర్చిన యుద్ధమునకు పనికివచ్చునని ప్రభుత్వము అనుమానించెను. అనగా సామాన్యుడు చేతితో తూటా నింపుకొనగలడను ఒక్క భయము ఒక గొప్ప తూటాజాతిని ఈ దేశమునుండి తొలగించినది.

ఇంగ్లండులోని తుపాకి పనివారు వెంటనే .450కి కొంచెము పైగా నుండు కొలతలు కల్పించిరి. .465, .470, .475, .476 అను సంఖ్యలు అట్లు పుట్టినవే. హాలండ్ అండ్ హాలండ్ సంస్థవారి .500/.465 తూటా 1907లో వచ్చినది. ఈ జంటసంఖ్యలో మొదటిది మూలమైన గుల్ల కొలతను, రెండవది దాని మెడను బిగించిన పిదప పట్టు గుండు కొలతను సూచించును. వేటకానికి ఈ కొలతల భేదము వలన కలిగిన మేలు లేదు. నష్టము మాత్రము కలిగినది. ఒక రైఫిలు తూటా మఱియొకదానికి చెల్లదు. అప్పటికే .450 కొనియున్నవారిలో కొందరు క్రొత్త గొట్టములు వేయించుకొనిరి. ఉన్న తూటాలను పొదుపుగా వాడుకొనుటయే తక్కినవారికి గతి అయినది.

తూటాలను గూర్చిన ప్రభుత్వ భయము పూర్తిగా నిరాధారము కాదు. 1914 ఆగస్టులో కలకత్తాలోని రోడా కంపెనీకి వచ్చిన మౌజర్ పిస్తోళ్ళను, వేలకొలది తూటాలను విప్లవకారులు అపహరించిరి. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై వరుసగా దాడిచేసి తుపాకులతోబాటు తూటాలను పట్టుకొనెను. తూటా లేని తుపాకి కఱ్ఱతో సమానమని ఆయనకును తెలియును, ఆయనను వెదకినవారికిని తెలియును.

చేతితో తూటా నింపుట

తూటా దొరకనివాడు తానే నింపుకొనరాదా యను ప్రశ్న సహజము. పాశ్చాత్య దేశములలో ఇది యొక నేర్పుగా పెంపొందినది. ప్రేలిన గుల్లను శుభ్రపఱచి, ఉబ్బిన గుల్లను అచ్చులో నొక్కి యథారూపమునకు తెచ్చి, క్రొత్త టోపీ, మందు, గుండు అమర్చుటయే దీని సారాంశము. చెప్పుట సులభము, పాత భారీ రైఫిలు విషయమున ప్రతి మెట్టునను ఒక చిక్కు కలదు.

మొదటి చిక్కు టోపీ. కైనాక్ గుల్లలలో బెర్డాన్ పద్ధతి టోపీ వాడబడెను. ఇందు టోపీ దెబ్బతిను దాగలి గుల్లలోనే భాగమై యుండును. నిప్పు పోవుటకు ప్రక్కలనుండు సన్నని రంధ్రములు దారి. ప్రేలిన టోపీని లోపలినుండి సూదితో పొడిచి తీయుట సాధ్యము కాదు. బాక్సర్ పద్ధతిలో దాగలి టోపీలోనే యుండును, నడుమ ఒకే రంధ్రము, తీయుట సులభము. చిత్రమేమనగా బెర్డాన్ అమెరికా దేశీయుడు, అతని పద్ధతి ఐరోపాలో నిలిచినది. బాక్సర్ ఇంగ్లండు సైనికోద్యోగి, అతని పద్ధతి అమెరికాలో స్థిరపడినది. పైగా పాత టోపీలలోని పాదరసము ఇత్తడిని పెళుసు చేయును. అట్టి గుల్ల రెండవమారు పేల్చినప్పుడు చీలిపోవచ్చును.

రెండవ చిక్కు మందు. కార్డైటు సన్నని పుల్లల కట్టవలె నుండును. ఎండకాలమున దాని ఒత్తిడి పెరుగును. అందుచేతనే ఉష్ణదేశముల కొఱకు తగ్గించిన మోతాదుతో వేఱుగా తూటాలు చేయబడెడివి. నేటి మందులు అదే బలమును తక్కువ చోటులో ఇచ్చును గనుక పొడవైన పాత గుల్లలో ఖాళీ మిగిలి, మందు అటునిటు కదలి, ఒకేరీతిగా అంటుకొనదు. ఆ ఖాళీని పూరించుటకు పాశ్చాత్య నిపుణులు వాడు పదార్థములలో ముఖ్యమైనది బూరుగుజాతి చెట్టు దూది. సిరొంచ అడవులలో వేసవికి ముందు ఎఱ్ఱగా పూయు బూరుగునకు అది చుట్టమే.

మూడవ చిక్కు వేటకానికి సైతము తఱచుగా తెలియనిది. జంటగొట్టముల రైఫిలులో గొట్టములు సమానాంతరముగా నుండవు. ముందునకు పోవుకొలది కొంచెము దగ్గఱకు వచ్చునట్లు అతుకబడును. ఒక గొట్టము పేలినప్పుడు ఆ అదటునకు రైఫిలు పైకిని, ప్రక్కకును తిరుగును. ఆ తిరుగుడును లెక్కించి, ఒక నిర్దిష్టమైన గుండు, ఒక నిర్దిష్టమైన మోతాదు వాడినప్పుడే రెండు గుండ్లును ఒకే చోట తగులునట్లు పనివాడు మాటిమాటికి పేల్చి చూచి గొట్టములను సరిచేయును. మోతాదు మాఱి వేగము హెచ్చినను తగ్గినను గుండ్లు చెదరిపోవును. కాబట్టి సరిపడు తూటాయనగా గొట్టములో పట్టునది కాదు. ఆ రైఫిలు పుట్టిననాటి వేగమును తిరిగి ఇచ్చునది.

అన్నిటికంటె అపాయకరమైనది నాలుగవ చిక్కు. .450 నల్లమందు ఎక్స్‌ప్రెస్ తూటాలలో మూడుంబాతిక అంగుళముల పొడవు గుల్లయు, రిగ్బీ కార్డైటు తూటా గుల్లయు రూపమున ఒక్కటియే. కాని నల్లమందునకై చేసిన రైఫిలు కార్డైటు ఒత్తిడికి ఓర్వదు. గుల్ల లోపలికి పోయినంతమాత్రమున సరిపోయినదని భ్రమించి పేల్చినవాని చేతులకు, కన్నులకు ముప్పు తప్పదు.

కర్మాగారము విడిచిన పిదప

స్వాతంత్ర్యము వచ్చిన తరువాత ఇంగ్లండు తూటాలకు గిరాకి సన్నగిల్లెను. సామ్రాజ్యము అంతరించెను, ఆఫ్రికాలోను వేట తీరు మాఱెను. 1956లో అమెరికాలోని వించెస్టర్ సంస్థ పాత నైట్రో తూటాలకు బదులుగా .458 మాగ్నమును చౌకగా విడుదల చేసెను. 1960 తరువాతి దశాబ్దములో కైనాక్ సంస్థ భారీ వేట తూటాలను ఒకదానివెంట నొకటి మానివేసెను. ఆనాటితో వేలకొలది రైఫిళ్ళు ప్రపంచమంతటను అనాథలయినవి. భారతదేశమున సర్కారీ కర్మాగారములు సామాన్యుని అవసరమును .315 రైఫిలుతో తీర్చెను. 1869లో స్థాపితమైన ఖడ్కీ కర్మాగారము దాని తూటాలకు ముఖ్యస్థానమాయెను. అది లేడికి, అడవిపందికి చాలునుగాని భారీ రైఫిలునకు ప్రత్యామ్నాయము కాదు.

విదేశములలో మాత్రము చేతినింపకాండ్ర పట్టుదల ఫలించెను. అమెరికాలో బెల్ అను సంస్థ ఇత్తడి గుల్లలను, ఆస్ట్రేలియాలో బెర్‌ట్రామ్ గుల్లలను, వుడ్‌లీ గుండ్లను తయారుచేసి పాత కొలతలకు మరల ప్రాణము పోసినవి. 1989లో అమెరికా ఫెడరల్ సంస్థ .470 తూటాను తిరిగి కర్మాగార సరకుగా విడుదల చేసెను. 1990 తరువాత ఇంగ్లండులో కైనామ్కో సంస్థ కైనాక్ పేరుతోనే పాత తూటాలను మరల చేయనారంభించెను. చచ్చినదనుకొన్న తూటా ఇట్లు బ్రతికినది.

మన దేశమున అట్టి మార్గము సామాన్యునికి లేదు. 1959 ఆయుధ చట్టమున ‘మందుగుండు’ అను మాటకు తూటాయే గాక, తూటా భాగములు, తూటా తయారుచేయు యంత్రములు, ప్రభుత్వము ప్రకటించు మూలద్రవ్యములు అన్నియు అర్థములు. అనుమతి లేక ఒక్క తూటా నింపుటయు నేరము. 1878లో సీసము, గంధకములను గూర్చి మొదలైన ఆలోచన ఇక్కడ సంపూర్ణ రూపమును పొందినది. అదే చట్టము పంటల రక్షణకై నోటినుండి దట్టించు తుపాకికి అనుమతి నిచ్చుటకు ప్రత్యేకముగా తావుంచినది. నాటు తుపాకి చట్టమునందు సైతము భారీ రైఫిలుకంటె సులువైన స్థానమును సంపాదించుకొన్నదన్నమాట.

అయినను ఆ తుపాకి కథయు ముగింపునకు వచ్చుచున్నది. గడ్చిరోలి జిల్లాలో దానిని ‘భర్మార్’ అందురు. దశాబ్దముల సాయుధ సంఘర్షణ ఈ అడవులలో తుపాకి అను మాటకే భయంకరమైన అర్థమును తెచ్చిపెట్టినది. ఇటీవలి సంవత్సరములలో పెక్కుమంది గ్రామస్థులు తాతలనాటి భర్మారులను పోలీసులకు స్వచ్ఛందముగా అప్పగించిరి. పులివేట 1970లోనే నిషిద్ధమయ్యెను. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టము తక్కిన వేటకును తెఱ దించినది. ఏ మృగమునకై ఆ భారీ తూటాలు పుట్టెనో ఆ కారెనుపోతు నేడు మహారాష్ట్రమున సిరొంచకు చేరువనున్న కోలామార్క అడవిలో కొలదిగా మిగిలియున్నది. 2013లో ఆ అడవి దానికొఱకే రక్షితప్రాంతముగా ప్రకటింపబడెను.

మిగిలిన కర్తవ్యము

పాత జమీందారీ గృహములలోను, అధికారుల వారసుల ఇండ్లలోను ఇట్టి రైఫిళ్ళు నేటికిని కొన్ని కలవు. వానిని పేల్చుటకై తూటా వెదకుట వ్యర్థము, అపాయకరము, అనుమతి లేనిచో చట్టవిరుద్ధము. కాని వానిని పాత ఇనుముగా కరగించుటయు తగదు. గొట్టముమీద చెక్కిన తయారీదారుని పేరు, పరీక్షాముద్రలు, వరుస సంఖ్య, ఖాళీ గుల్ల అడుగున నున్న కైనాక్ లేక ఈలీ అక్షరములు, కొలత అంకెలు చరిత్రకారునికి శాసనముల వంటివి. ఏ సంవత్సరమున ఏ తూటా ఏ అడవికి చేరెనో, ఏ చట్టము దానిని ఆపెనో వానివలన తెలిసికొనవచ్చును. అట్లే నాటు తుపాకి పనివారి మాటలు, పెట్లుప్పు వడియగట్టిన తీరు, దట్టింపు లెక్కలు వృద్ధుల నోటనే మిగిలియున్నవి. అవి ఏ కాగితముపైకిని ఎక్కలేదు.

అనుమతిపత్రము గల కుటుంబములు తమ రైఫిళ్ళ గుర్తులను వ్రాయించి ఛాయాచిత్రములు తీయించుటయు, వానిని ఉంచుకొనజాలనివారు చట్టప్రకారము పనికిరాకుండ చేయించి వస్తుప్రదర్శనశాలలకు ఇచ్చుటయు, సిరొంచ, అహేరి పల్లెలలోని వృద్ధుల మాటలను తెలుగునను గోండీయందును సేకరించుటయు తెలుగు సంఘములు పూనుకొనదగిన పనులు. మందు చల్లబడిన తుపాకి ఎవరికిని హాని చేయదు. దాని చరిత్ర తెలియకపోవుట మాత్రము ఈ సీమకు నష్టము.